పక్కింటి పిల్ల కోసం: ఒక కొరియన్ యాక్షన్ థ్రిల్లర్‌లో కుటుంబం, నీతి

బ్యాగు దొంగిలించిందని ఒక బడిపిల్లని వీధిలో పట్టుకుంటారు. బ్యాగు పోయిన పిల్ల తల్లి అరుస్తోంది. పోలీసు మీ అమ్మానాన్నలు ఎక్కడని గద్దిస్తున్నాడు. అంతలో అటుగా వెళ్తున్న పక్కింటాయన కనబడతాడు. పిల్ల అతని వైపు వేలు చూపించి మా నాన్న అదిగో అంటుంది. అతను ఒక్క క్షణం చూసి, ఏమీ పట్టనట్టు నడుచుకుంటూ వెళ్లిపోతాడు.

2010 ఆగస్టులో కొరియాలో విడుదలైన 'ది మ్యాన్ ఫ్రమ్ నోవేర్'లో కత్తిపోట్లూ కాల్పులూ లెక్కలేనన్ని ఉన్నాయి. అయినా కథను నడిపించేది ఈ చిన్న దృశ్యమే. పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్‌తో వచ్చినా దాదాపు 62 లక్షల మంది టికెట్ కొని చూశారు. ఆ ఏడాది కొరియన్ చిత్రాల్లో దానిదే మొదటి స్థానం. దర్శకుడు లీ జోంగ్‌బోమ్, హీరో వన్ బిన్. సోమి అనే ఆ పిల్ల పాత్ర వేసిన కిమ్ సేరోన్‌కి అప్పటికి పదేళ్లు. కొరియన్‌లో ఈ చిత్రం పేరు 'అజొస్సీ'. వీధిలో తెలిసినా తెలియకపోయినా నడివయసు మగవాళ్లని పిల్లలు పిలిచే పిలుపు అది. మన పిల్లలు ఎవరిని పడితే వాళ్లని అంకుల్ అన్నట్టే.

కథ చివరిదాకా చెప్పకుండా దీని నీతి గురించి మాట్లాడటం కుదరదు కాబట్టి, చూడనివాళ్లు చూసి వచ్చి చదువుకుంటే మంచిది.

ఆ పక్కింటాయన పేరు తేషిక్, ఈ కథకి హీరో. తాకట్టు కొట్టు నడుపుతుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఒకప్పుడు సైన్యంలో రహస్య విభాగంలో పనిచేసినవాడు. కడుపుతో ఉన్న భార్యని కళ్లముందే లారీతో గుద్ది చంపారు. అప్పటినుంచీ బతికున్న శవంలా రోజులు వెళ్లదీస్తున్నాడు. సోమి తల్లి హ్యోజోంగ్ నైట్‌క్లబ్‌లో డాన్సర్, మత్తుమందుకి బానిస. ఇంట్లో తిండికీ పలకరింపుకీ దిక్కులేని సోమి తాకట్టు కొట్టు చుట్టూ తిరుగుతుంది. తల్లి ఒక ముఠా సరుకు కొట్టేసి, దాన్ని తేషిక్ కొట్లో కుదువపెట్టిన బ్యాగులో దాస్తుంది. ముఠా వచ్చి తల్లినీ పిల్లనీ ఎత్తుకుపోతుంది. అక్కడినుంచి తేషిక్ వేట మొదలు.

ఇంతవరకూ చెబితే ఇది ఏ దేశంలోనైనా తీయగల కథ. ఆపదలో పిల్ల, కాపాడే బలవంతుడు. తేడా ఎక్కడుందో తెలియాలంటే ఎవరికి కుటుంబం ఉందో, ఎవరికి లేదో చూడాలి.

ఇందులో నిఖార్సైన రక్తసంబంధం ఉన్నది విలన్లకి. ముఠాని నడిపేది మాన్‌సోక్, జోంగ్‌సోక్ అనే అన్నదమ్ములు. అన్న మాట తమ్ముడికి వేదం, తమ్ముడంటే అన్నకి ప్రాణం. వ్యాపారం ఇద్దరిదీ, పాపం ఇద్దరిదీ. వాళ్లు చేసేదేమిటంటే, దిక్కులేని పిల్లల్ని చేరదీసి వాళ్ల చేత మత్తుమందు మోయించడం, ఆ పని అయ్యాక వాళ్ల శరీరంలోని అవయవాలని అమ్ముకోవడం. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. ఈ కాకులకి పక్క గూట్లో పిల్లలు తిండి మాత్రమే. హీరో వైపు చూస్తే భార్య లేదు, పుట్టాల్సిన బిడ్డ లేదు, తల్లిదండ్రుల ఊసే రాదు. కుటుంబాన్ని ప్రేమించడమే నీతి అయితే ఈ కథలో ఎక్కువ మార్కులు మాన్‌సోక్‌కే పడాలి.

చిత్రం అడిగే ప్రశ్న వేరు. మనవాళ్లు అనే గీత ఎక్కడ గీస్తావు? ఆ గీతకి అవతల నిలబడ్డ పిల్లని ఏం చేస్తావు? కొరియన్ థ్రిల్లర్లలో కుటుంబ విలువలు బాగుంటాయని మన ప్రేక్షకులు తరచూ మెచ్చుకుంటారు. మాట నిజమే కానీ సగమే. ఈ తరహా చిత్రాల్లో మంచివి కుటుంబాన్ని నెత్తిన పెట్టుకోవు, బోనులో నిలబెట్టి అడుగుతాయి.

ఆ అడగడం కూడా కొరియా సంప్రదాయంలోంచే వచ్చింది. చోసొన్ రాజవంశం 1392 నుంచి ఐదు శతాబ్దాలకు పైగా ఏలినప్పుడు చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ బోధనలే రాజనీతి, కుటుంబనీతి. ఐతే ఆ బోధనల్లోనే రెండు పాయలున్నాయి. ఒకటి కన్ఫ్యూషియస్ చెప్పిన గొర్రె కథ. తండ్రి గొర్రెని దొంగిలిస్తే కొడుకే సాక్ష్యం చెప్పాడని ఒక పాలకుడు గొప్పగా చెప్పుకుంటే, మా ఊళ్లో నిజాయితీ అలా ఉండదు, తండ్రి తప్పుని కొడుకు దాస్తాడు, కొడుకు తప్పుని తండ్రి దాస్తాడు అన్నాడాయన. రెండోది కన్ఫ్యూషియస్ దారిలోనే నడిచిన తరవాతి తత్వవేత్త మెన్షియస్ చెప్పిన బావి ఉదాహరణ. బావిలో పడబోతున్న పసిపిల్లని చూస్తే ఎవడికైనా గుండె ఝల్లుమంటుంది. ఆ పిల్ల తల్లిదండ్రుల మెప్పు కోసం కాదు, ఊళ్లో పేరు కోసం కాదు, ఆ ఏడుపు వినలేక కూడా కాదు. మనిషన్నవాడికి అది పుట్టుకతో ఉండేదేనని ఆయన వాదన. నీ ఇంటి పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుని ఆ ప్రేమని పరాయి ఇంటి పిల్లలదాకా చాపమని ఒక రాజుకి చెప్పింది కూడా ఆయనే.

మొదటి పాయ ఎక్కడికి చేరుతుందో చూపించిన చిత్రం ఒక ఏడాది ముందే, 2009లో వచ్చింది. బాంగ్ జూన్‌హో తీసిన 'మదర్'. కొడుకుగా వేసింది ఈ వన్ బినే కావడం తమాషా. బుద్ధి సరిగా ఎదగని కొడుకు హత్య కేసులో ఇరుక్కుంటే తల్లి వాడు అమాయకుడని నిరూపించడానికి తిరగని చోటు ఉండదు. తీరా నిజం చెప్పే సాక్షి దొరికాక అతన్ని తన చేతులతోనే చంపేస్తుంది. కొడుకు బదులు ఇంకో అమాయకుడు జైలుకి పోతాడు. ఆ కుర్రాడిని చూడటానికి వెళ్లి, నీకు అమ్మ లేదా అని అడిగి ఏడుస్తుంది. కన్నప్రేమకి అంతకన్నా భయంకరమైన ముఖాన్ని చూపించడం కష్టం. తల్లి ఉన్నవాడు బయటపడ్డాడు, లేనివాడు బలైపోయాడు. గొర్రె కథకి హత్యని కలిపితే ఇదే వస్తుంది.

'ది మ్యాన్ ఫ్రమ్ నోవేర్' రెండో పాయ కథ. సోమి బావి గట్టున ఉన్న పిల్ల. ఆమెని కాపాడితే మెచ్చుకోవడానికి తల్లిదండ్రులు లేరు, పొగడటానికి ఊరు లేదు. ఐతే మెన్షియస్ చెప్పినట్టు మొదటి చూపుకే తేషిక్ గుండె ఝల్లుమనలేదు. మొదట మొహం తిప్పుకున్నాడు. స్క్రిప్టు రాసినవాళ్ల తెలివి అక్కడుంది.

ఆ సాయంత్రం సోమి అతన్ని నిలదీసే తీరు చూడండి. మీకు కూడా నేనంటే సిగ్గేనా అంటుంది. ఫరవాలేదు, టీచరూ క్లాసు పిల్లలూ కూడా అంతే అంటుంది. దారి తప్పితే ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు తెలియదని చెప్పమని వాళ్లమ్మ నేర్పిందట. అంటే, తప్పిపోతే పోనీ అని. తనని ముష్టిదాన్నని ఏడిపించే లావుపాటి కుర్రాడికన్నా మీరే ఎక్కువ చెడ్డవాళ్లు, అయినా మిమ్మల్ని అసహ్యించుకోను, మిమ్మల్ని కూడా అసహ్యించుకుంటే నాకు ఇష్టమైనవాళ్లు ఒక్కళ్లు కూడా మిగలరు అని ముగిస్తుంది. కెమెరా ఎక్కడికీ పోదు, సంగీతం హడావిడి చెయ్యదు. పిల్ల లెక్క అప్పజెప్పినట్టు చెబుతుంది. ప్రేమించడానికి ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి క్షమిస్తున్నానని అంటోంది. పెద్దలకే కష్టమైన ఈ తర్కం పదేళ్ల పిల్ల నోట సహజంగా పలికిందంటే రాతకీ నటనకీ సగం సగం పంచాలి.

ఇక ఆ తరవాత గంటన్నరపాటు తేషిక్ చేసే ప్రతి పనికీ వెనక ఈ బాకీ ఉంటుంది. చివర్లో ఆ రోజు తెలియనట్టు వెళ్లిపోయినందుకు క్షమాపణ కూడా చెబుతాడు. ఎక్కువ దగ్గరవ్వాలనిపించినవాళ్లని చూసినప్పుడే తెలియనట్టు ఉండాలనిపిస్తుందని ఏదో గొణుగుతాడు. అదేమిటని పిల్ల అడిగితే తనకీ తెలియదంటాడు. బిడ్డని పోగొట్టుకున్న తండ్రికి ఇంకో బిడ్డ నాన్న అని పిలవడం ఎంత గాయమో వివరంగా చెప్పని సినిమా ఇది. చెప్పకపోవడమే మేలు.

ఇంత మంచి విషయం చెప్పడానికి ఇంత నెత్తురు దేనికి? ఈ సందేహం మన ప్రేక్షకులకి తప్పకుండా వస్తుంది. కొరియాలో నీతికీ శరీరబాధకీ ఉన్న ముడి సినిమాతో మొదలైంది కాదు. 1428లో జింజు ప్రాంతంలో ఒకడు తండ్రిని చంపాడని తెలిసి చోసొన్ రాజు సేజోంగ్ కలత చెందాడు. శిక్షలు పెంచడం కన్నా జనానికి మంచి నడవడి నేర్పించడం మేలనుకుని బొమ్మలతో ఒక నీతికథల పుస్తకం వేయించాడు. 1434లో వచ్చిన ఆ పుస్తకం పేరు 'సమ్‌గాంగ్ హెంగ్‌సిల్‌దో'. తల్లిదండ్రుల పట్ల భక్తి ఉన్న కొడుకులు, రాజు పట్ల విధేయులు, పతివ్రతలు అందులో నాయకులు. చదువురానివాళ్లకి అర్థం కావాలని ఉద్దేశం. ఆ కథల్లో ఒక కొడుకు జబ్బుపడ్డ తండ్రికి మందుగా తన వేలు నరికి ఇస్తాడు. ప్రేమ నిజమని రుజువు కావాలంటే ఒంటిమీద కోత పడాలన్న ఊహ అక్కడ బొమ్మ గీసి మరీ ఉంది. తేషిక్ ఒంట్లో దిగిన బుల్లెట్‌ని తీయించుకునే దృశ్యం ఆ వరసలోదే. కాకపోతే పాత కథల్లో త్యాగం పిల్లల నుంచి పెద్దలకి వెళ్లేది. ఇక్కడ దిశ మారింది. పెద్దవాడు పిల్లకి బాకీపడ్డాడు.

ఈ దిశ మార్పుకి కారణం కొరియా సమాజంలో ఉంది. 1997 చివర్లో ఆర్థిక సంక్షోభం వచ్చి అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర చెయ్యి చాచాల్సి వచ్చినప్పుడు ఉద్యోగాలు పోయిన తండ్రులు, విడిపోయిన కాపురాలు, అనాథాశ్రమాలకి చేరిన పిల్లలు ఆ తరానికి మర్చిపోలేని జ్ఞాపకం. ఇంటికి మగవాడే యజమాని, పిల్లలంతా అతని పేరు కిందే నమోదు అనే చట్టాన్ని 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టింది. 2008 జనవరి 1 నుంచి అది రద్దయింది. చిత్రం వచ్చింది ఆ తరవాత రెండేళ్లకి. తండ్రి పేరు లేని సోమి లాంటి పిల్లలకి ఆ చట్టం కింద ఎలాంటి చూపు దక్కేదో ఊహించుకోవచ్చు.

దీనికన్నా లోతైన గాయం ఇంకొకటుంది. కొరియా యుద్ధం తరవాత ఇప్పటిదాకా దాదాపు 2 లక్షల మంది కొరియన్ పిల్లల్ని విదేశాలకి దత్తత పంపారు. ఒలింపిక్స్ జరిపి, ధనిక దేశం అనిపించుకున్నాక కూడా అది ఆగలేదు. పెళ్లికాని తల్లుల పిల్లల్ని ఇంట్లో చేర్చుకోవడానికి వంశం, రక్తం అనే మాటలు అడ్డం వచ్చాయి. ఆ దత్తతల్లో ప్రభుత్వం పిల్లల హక్కుల్ని కాలరాసిందని అక్కడి సత్యశోధన కమిషనే 2025లో తేల్చింది. పరాయి పిల్లని మన పిల్ల అనుకోగలమా అన్న ప్రశ్న ఆ దేశంలో ఉత్త సినిమా సెంటిమెంటు కాదు. పిల్లల్ని సరుకు చేసి అమ్మే ముఠాని చూసినప్పుడు అక్కడి ప్రేక్షకుడికి ఇంకేవో కూడా గుర్తొచ్చే అవకాశం ఉంది.

దర్శకుడికి ఈ విషయం మీద మనసు ముందునుంచీ ఉంది. 2006లో తీసిన మొదటి చిత్రంలోనూ ఒక రౌడీ తను చంపాల్సిన మనిషి తల్లికి దగ్గరవుతాడు. రక్తం కలవని చోట బంధం ఎలా పుడుతుందన్నదే అతని ఆసక్తి.

ఆ బంధం ఎంత చిన్న పనితో పుడుతుందో చూపించడానికి చిత్రంలో ఇంకో పాత్ర ఉంది. రామ్‌రోవాన్ అనే కిరాయి హంతకుడు, ఆగ్నేయాసియా నుంచి వచ్చినవాడు. ముఠా కింద పనిచేస్తూ పెద్దగా మాట్లాడడు. అతని నుదుటి మీద గాయం చూసి, బందీగా ఉన్న సోమి తన దగ్గరున్న పిల్లల బ్యాండ్ ఎయిడ్ ఇస్తుంది. తరవాత ఆమె కళ్లు తీసేయడానికి డాక్టరు సిద్ధమైనప్పుడు ఆ డాక్టరే రామ్‌రోవాన్ చేతిలో చస్తాడు. సీసాలో ఉన్న కళ్లు సోమివని తేషిక్ నమ్ముతాడు, నిజానికి అవి డాక్టరువి. రామ్‌రోవాన్ ఆ సంగతి చెప్పడు. తుపాకీ పక్కన పెట్టి, కత్తితో తేషిక్‌ని ఎదుర్కుని ప్రాణం పోగొట్టుకుంటాడు. హంతకుడు ఒక్కసారిగా మంచివాడైపోయాడని చిత్రం నమ్మించదు. చేసిన మేలుకి బదులు తీర్చాడు, అంతే. హీరోకీ ఇతనికీ మధ్య తేడా చాలా సన్నం. ఇద్దరినీ కదిలించింది ఒకే పిల్ల. ఇతను గీతకి అటూ ఇటూ అయ్యాడు, తేషిక్ పూర్తిగా దాటాడు.

పొగడ్త ఇక్కడితో ఆపాలి. ఎందుకంటే ఈ చిత్రం నీతిలో చిల్లులు కూడా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది తల్లి పాత్ర. హ్యోజోంగ్‌ని మత్తుకి బానిసగా, దొంగగా, పిల్లని పట్టించుకోనిదానిగా చూపించి, చివరికి అవయవాలు తీసేసిన శవంగా కారు డిక్కీలో పడేశారు. ఆమె ఎందుకలా అయిందో, సోమి తండ్రి ఎవడో, వాడెక్కడికి పోయాడో ఒక్క ముక్క లేదు. పిల్లని వదిలేసి పోయిన మగవాడికి కథలో ఎలాంటి శిక్షా లేదు, కనీసం పేరు కూడా లేదు. ఎంత చెడ్డగానైనా పిల్లతో ఉన్నది తల్లే, శిక్షంతా ఆమెకే. చెడ్డ తల్లిని తప్పించి ఆ ఖాళీలో మంచి మగవాడిని నిలబెట్టడం సంప్రదాయానికి పట్టిన పాత జబ్బే. ఇక రామ్‌రోవాన్ లాంటి విదేశీయుడు కొరియన్ థ్రిల్లర్లలో కనిపిస్తే హంతకుడిగానే ఎందుకు కనిపిస్తాడన్నది కూడా అడగాల్సిన మాటే.

ఆరేళ్ల తరవాత వచ్చిన 'ట్రెయిన్ టు బూసాన్' ఈ విషయంలో కాస్త ముందడుగు వేసింది. అందులో జాంబీల మధ్య రైల్లో చిక్కుకున్న తండ్రి ఫండ్ మేనేజర్, కూతురు బడిపిల్ల. కూతురు ముసలావిడకి సీటు ఇస్తే, ఇలాంటప్పుడు నీ సంగతి నువ్వు చూసుకోవాలని తండ్రి చెబుతాడు. నీకెప్పుడూ నీ సంగతే, అమ్మ వెళ్లిపోయింది అందుకేనని పిల్ల తిప్పికొడుతుంది. ఇక్కడ తప్పు తల్లిది కాదు. కుటుంబం కోసమే సంపాదిస్తున్నానన్న సాకుతో లోకాన్ని వదిలేసిన తండ్రిది. పైగా ఆ వైరస్ బయటికి రావడానికి కారణమైన కంపెనీని నిలబెట్టింది అతని ఫండ్ సంస్థే. నా ఇల్లు చల్లగా ఉంటే చాలనుకున్నవాడి ఇంటికే ఆ మంట వచ్చి చేరింది.

ఈ చిత్రాల్ని మనవాళ్లు తీసుకున్నప్పుడు ఏం జరిగిందో చూస్తే కూడా కొంత అర్థమవుతుంది. 'ది మ్యాన్ ఫ్రమ్ నోవేర్'ని 2016లో హిందీలో 'రాకీ హ్యాండ్సమ్' పేరుతో గోవా నేపథ్యంలో తీశారు. జాన్ అబ్రహం హీరో. మూలంలో భార్య కొద్ది నిమిషాలు మాత్రమే కనిపిస్తుంది. హిందీలో ఆ పాత్రకి శ్రుతి హాసన్‌ని పెట్టి ప్రేమకథ, పాటలు కలిపారు. దాంతో కథ బరువంతా చనిపోయిన భార్య వైపు మొగ్గింది. పక్కింటి పిల్ల కథ కాస్తా భార్యని మర్చిపోలేని భర్త కథలా తయారైంది. సొంతవాళ్ల కోసం ఏడ్చే హీరో మనకి అలవాటే. పరాయి పిల్ల కోసం ఏడ్చేవాడిని నమ్మించాలంటే ముందు అతనికి ఒక సొంత దుఃఖం గట్టిగా కనిపించాలని వాళ్లు అనుకుని ఉండాలి. తెలుగులో 2022లో వచ్చిన 'శాకిని డాకిని' కూడా కొరియన్ కథే. పోలీసు ట్రైనింగ్‌లో ఉన్న ఇద్దరు ముక్కూమొహం తెలియని అమ్మాయి కిడ్నాప్ అవుతుంటే చూసి, రూల్స్ పక్కన పెట్టి వెంటపడతారు. బావి గట్టున పిల్ల కథే అదీనూ. మూలంలో మగపిల్లలు చేసిన పనిని తెలుగులో ఆడపిల్లల చేత చేయించడం మంచి మార్పు.

మళ్లీ తేషిక్ దగ్గరికి వస్తే, ముగింపు విషయంలో కొరియన్ చిత్రం ఒక నిజాయితీ చూపించింది. సోమి చనిపోయిందనుకుని తుపాకీ తలకి పెట్టుకున్నవాడి ముందుకి పిల్ల నడుచుకుంటూ వస్తుంది. కౌగిలింతతో శుభం కార్డు వేసేయొచ్చు. కానీ పోలీసులు అతన్ని అరెస్టు చేస్తారు. అన్ని హత్యలకి లెక్క ఉంది కదా. దారిలో ఒక కొట్టు దగ్గర ఆపమని అడిగి, సోమికి బడిబ్యాగూ సామానూ కొనిస్తాడు. ఇకనుంచి నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలని చెప్పి, ఒక్కసారి హత్తుకోనిస్తావా అని అడుగుతాడు.

ఆ బ్యాగు వేసుకుని పిల్ల ఎక్కడికి వెళ్తుందో చిత్రం చెప్పదు. తల్లి పోయింది, తండ్రి లేడు, అంకుల్ జైలుకి పోతున్నాడు. కొరియాలో అలాంటి పిల్లకి దొరికే చోటు అనాథాశ్రమమో, ప్రభుత్వం అప్పగించే వేరే ఇల్లో. వంద మందిని నరికి అయినా పిల్లని తెచ్చే మనిషిని ఈ చిత్రం ఊహించగలిగింది. మర్నాడు పొద్దున ఆ పిల్లకి అన్నం పెట్టి బడికి పంపే ఇంటిని ఊహించలేకపోయింది. రెండో పని మొదటిదానికన్నా కష్టమని లీ జోంగ్‌బోమ్‌కి తెలిసే ఉండాలి. లేకపోతే పదేళ్ల పిల్లకి నీ కాళ్ల మీద నువ్వు నిలబడమని హీరో చేత చెప్పించడు.